క్వారీ రాయి మట్టిలోకా, గ్లేజ్‌లోకా? ఏ రాయి ఎవరికి సరిపోతుంది

క్రషర్ పక్కన పోగుపడిన రాతిపొడి గుట్ట కనిపిస్తే కుండలు చేసేవాళ్ల చెయ్యి ఊరికే ఉండదు. గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలుపుతాం, ఎండకు పట్టి చూస్తాం, తళుక్కుమనే రేకులున్నాయేమో వెతుకుతాం. ఓ సంచి నింపుకుని తెచ్చేసుకుంటాం. తికమక ఆ తర్వాత మొదలవుతుంది. దీన్ని మట్టిలో కలపాలా, గ్లేజ్‌లో, అంటే కుండ మీద గాజులా కరిగే పూతలో వాడాలా? గ్రానైట్ మేలా, లావా గట్టిపడి అయిన నల్లరాయి బసాల్ట్ మేలా? రాయి తెచ్చి మనమే నూరుకోవాలా, దొరికిన పొడి వాడితే సరిపోతుందా?

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి బకెట్ రాయి గ్లేజ్‌లోకే వెళ్లాలి. గ్లేజ్ చెడితే ఒక టెస్ట్ ముక్క పోతుంది. మట్టి చెడితే ఆ మట్టితో చేసిన కుండలన్నీ పోతాయి, కొన్నిసార్లు కిల్న్ (కుండలు కాల్చే కొలిమి) షెల్ఫ్ కూడా పోతుంది. శ్రమ లెక్క చూసినా గ్లేజే నయం. 2 కిలోల మెత్తటి రాతిపొడి ఉంటే గ్లేజ్ ప్రయోగాలు నెలల తరబడి సాగుతాయి. అదే 50 కిలోల మట్టిలో 20 శాతం రాయి ఉండాలంటే 10 కిలోలు నూరాలి.

మట్టిలో రాయి కలపడం తప్పని మాత్రం అనను. పింగాణీ పుట్టిందే అలా. చైనాలోని జింగ్‌డెజెన్‌లో చైనా క్లే అనే తెల్లటి బంకమట్టితో పాటు కొండ తవ్వి తీసిన ఒక రకం తెల్లరాయిని పొడి చేసి కలిపేవారు. ఆ పొడిని చిన్న తెల్ల ఇటుకలుగా చేసి కుమ్మరులకు చేర్చేవారు. అదే రాయి గ్లేజ్‌లోకి కూడా వెళ్లేది. ఫ్రెంచ్ మతబోధకుడు డాంత్రెకోల్ 1712లో రాసిన ఉత్తరంలో ఈ పద్ధతిని యూరప్‌కి వివరంగా తెలియజేశాడు. ఇంగ్లండ్‌లో విలియం కుక్‌వర్తీ కార్న్‌వాల్‌లో దొరికే చైనా క్లేతో, అక్కడి శిథిలమైన గ్రానైట్‌తో పింగాణీ చేసి 1768లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ రెండు చోట్లా పనికొచ్చింది ఎండకీ వానకీ, భూగర్భంలోని వేడినీటికీ మెత్తబడిన రాయి. గట్టి రాయిని ఎన్నుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

## ఎన్నుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు ప్రశ్న: మీ కిల్న్ ఎంత వేడికి వెళ్తుంది?

1000 నుంచి 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోయే కిల్న్ అయితే, క్వారీలో దొరికే మామూలు రాళ్లేవీ తమంతట తాము కరిగి గ్లేజ్ కావు. ఆ వేడిలో రాయి రాయిగానే, అంటే మట్టిలో పలుకుగా ఉంటుంది. 1220 నుంచి 1240 డిగ్రీలు, అంటే కోన్ 6 ప్రాంతంలో (కోన్ అంటే ఫలానా వేడికి వంగిపోయే చిన్న శంకువు, దాని అంకె ఆ వేడిని చెప్తుంది) బసాల్ట్ కరగడం మొదలుపెడుతుంది. గ్రానైట్ మాత్రం ఇంకా మొండిగానే ఉంటుంది, దానికి సాయం కావాలి. 1260 నుంచి 1300 దాకా, అంటే కోన్ 9, కోన్ 10 వేడికి వెళ్లగలిగితే దాదాపు ప్రతి రాయికీ ఏదో ఒక దారి ఉంటుంది.

రెండోది ఇనుము. రాయిలో ఇనుము 1 శాతం లోపు ఉంటే గ్లేజ్ తెల్లగానో, లేత రంగులోనో వస్తుంది. 2, 3 శాతం ఉంటే బూడిద, లేత గోధుమ రంగులు. కిల్న్‌లో గాలి తగ్గించి కాల్చే రిడక్షన్‌లో ఇదే ఇనుము లేత ఆకుపచ్చ ఇస్తుంది. 8 శాతం దాటితే గోధుమ, నలుపు తప్పవు. రాయి పైకి ఏ రంగులో కనిపిస్తుందన్నది దీన్ని సరిగ్గా చెప్పదు. ఎర్రగా కనిపించే ఫెల్డ్‌స్పార్ (గ్లేజ్ కరగడానికి తోడ్పడే ఖనిజం) కూడా చాలాసార్లు కాలాక తెల్లబడుతుంది. అయస్కాంతం మెరుగు. పొడిని నీళ్లలో కలిపి, ప్లాస్టిక్ సంచి చుట్టిన అయస్కాంతంతో నెమ్మదిగా తిప్పండి. పైకి తీసినప్పుడు నల్లటి నూగులా రేణువులు అంటుకుని ఉంటే అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం కావచ్చు, రాయి పగలగొట్టిన యంత్రం నుంచి రాలిన ఇనుము కావచ్చు. తీసేస్తే మచ్చలు తగ్గుతాయి. అయస్కాంతానికి అంటని ఇనుము రాయిలో ఇంకా ఉంటుంది, దాన్ని కాల్చి చూడాల్సిందే.

మూడోది రేణువు సైజు. గ్లేజ్‌కి కనీసం 100 మెష్ (అంగుళానికి 100 కన్నాల) జల్లెడ దాటాలి, 200 మెష్ అయితే ఇంకా మంచిది. 100 మెష్ అంటే సుమారు 150 మైక్రాన్లు, 200 మెష్ అంటే దాదాపు 75 మైక్రాన్లు. ఒకే రాయిని 60 మెష్‌లో ఒకసారి, 200 మెష్‌లో ఒకసారి పట్టి పక్కపక్కన కాలిస్తే రెండూ వేర్వేరు రాళ్లేమో అనిపిస్తుంది. ముతక పొడి చక్కెర పలుకుల్లా గరుకుగా మిగిలితే, మెత్తటిది నున్నగా కరిగిపోతుంది.

ఇక ఆరోగ్యం. ఇందులో నేను రాజీ పడను. రాతిపొడిలో ఉండే స్ఫటిక సిలికా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దీన్ని క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. కంటికి కనపడే దుమ్ము కాసేపటికి కింద పడిపోతుంది. ప్రమాదమంతా కనపడనంత సన్నటి దానితోనే. అందుకే తడిగా నూరండి, తడిగా జల్లెడ పట్టండి, తడిగుడ్డతో తుడవండి, చీపురు ముట్టొద్దు. ఎన్95 లేదా అంతకంటే మెరుగైన మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టుకోండి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు.

కొన్ని రాళ్లను అసలు ఇంటికే తేవద్దు. సీసంలా మెరిసే బరువైన గింజలు, బంగారు రంగు లోహపు మెరుపు, ఆకుపచ్చ లేదా నీలం పెచ్చు ఉన్న రాళ్లలో సీసం, ఆర్సెనిక్, రాగి ఖనిజాలు ఉండొచ్చు. జారుడుగా, ఆకుపచ్చగా, నారలు నారలుగా విడిపోయే సర్పెంటైన్ జాతి రాళ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అవి ఎంత అందంగా ఉన్నా క్వారీలోనే వదిలేయండి.

## ఒక్క చూపులో

| రాయి | మట్టిలో | గ్లేజ్‌లో | వచ్చే రంగు | నూరడం |
|---|---|---|---|---|
| గ్రానైట్ | మెత్తగా నూరితే ఫెల్డ్‌స్పార్ బదులు | ఎక్కువ వేడిలో 80 శాతం దాకా | బూడిద, లేత ఆకుపచ్చ | కష్టం |
| బసాల్ట్ | 5 శాతంతో మొదలు | మధ్య, ఎక్కువ వేడిలో 40 నుంచి 100 శాతం | గోధుమ, నలుపు | కష్టం |
| సున్నపురాయి | పలుకు ఉంటే వద్దే వద్దు | 10 నుంచి 25 శాతం | రంగు ఉండదు | సులువు |
| డోలమైట్ | వద్దు | 5 నుంచి 20 శాతం | తెల్లటి మ్యాట్ (మెరుపు లేనిది) | మధ్యస్థం |
| పలుగురాయి, ఇసుకరాయి | పలుకుగా, జాగ్రత్తగా | 5 నుంచి 25 శాతం | రంగు ఉండదు | పలుగురాయి చాలా కష్టం |
| షేల్, పలకరాయి | షేల్ నేరుగా మట్టిగా | ఎక్కువ వేడిలో 50 శాతం పైనే | గోధుమ | సులువు |

ఈ అంకెలు ప్రయోగం మొదలుపెట్టడానికే. రెండు క్వారీల గ్రానైట్లు ఎప్పుడూ ఒకటి కావు.

## గ్రానైట్

గ్రానైట్ అంటే మూడు ఖనిజాల కలయిక: ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, మైకా లేదా మరో నల్ల ఖనిజం. గ్లేజ్ చేసేవాళ్ల భాషలో చెప్పాలంటే ఫెల్డ్‌స్పార్, సిలికా కొండే కలిపి పెట్టిందన్నమాట. మామూలుగా ఇందులో సిలికా 70 శాతం చుట్టూ, అల్యూమినా 14 శాతం చుట్టూ, పొటాష్, సోడా రెండూ కలిపి 8 శాతం దాకా, ఇనుము 1 నుంచి 3 శాతం ఉంటాయి. కరిగించే పదార్థాలైన పొటాష్, సోడా ఉన్నా అవి చాలవు. అందుకే గ్రానైట్ పొడి ఒక్కటే కోన్ 10 దాకా కాలిస్తే చిక్కటి, కదలని, సగం కరిగిన ముద్దగా మిగులుతుంది. దానికి సున్నం కావాలి.

80 భాగాల గ్రానైట్ పొడి, 20 భాగాల సున్నపురాయి పొడి. కోన్ 10కి కాల్చేవాళ్లెవరైనా ముందు ఇదే చేసి చూడమంటాను. పైన చెప్పిన సగటు అంకెలతో లెక్క కడితే ఈ మిశ్రమంలో సిలికా, అల్యూమినా, కరిగించే పదార్థాలు మంచి మెరుపు గ్లేజ్‌కి కావాల్సిన పాళ్లలోనే పడతాయి. ఇందులో చైనా క్లే ఏమీ లేదు కాబట్టి పొడి బకెట్ అడుగున రాయిలా గడ్డకడుతుంది. 2 శాతం బెంటొనైట్‌ని (బాగా జిగురుండే బంకమట్టి) ముందుగా పొడిలో బాగా కలిపి, ఆ తర్వాత నీళ్లు పోస్తే పేరుకోవడం తగ్గుతుంది. సున్నపురాయి బదులు గ్రానైట్‌కి కట్టెబూడిద సగానికి సగం కలిపినా అందంగా వస్తుంది, కానీ బూడిద ప్రతిసారీ మారుతుంది.

గ్రానైట్ గ్లేజ్‌లకి ఒక లోపం ఉంది. పొటాష్, సోడా ఉన్న గ్లేజ్ చల్లారేటప్పుడు మట్టి కంటే ఎక్కువ కుంచించుకుంటుంది, దాంతో సన్నటి గీతలు పడతాయి. పూలకుండీకి అదే అందం. రోజూ వాడే గిన్నెకు అది బలహీనత, పైగా గీతల్లో మరకలు పట్టేస్తాయి. 5, 10 శాతం సిలికా అదనంగా వేస్తే చాలావరకు తగ్గుతాయి.

మట్టిలో గ్రానైట్‌ని రెండు రకాలుగా వాడొచ్చు, రెండింటి ఫలితాలూ వేరు. 100 మెష్ కంటే మెత్తగా నూరి కలిపితే ఫెల్డ్‌స్పార్ చేసే పని చేస్తుంది, మట్టిని బిగిస్తుంది. కొన్న ఫెల్డ్‌స్పార్ 20 భాగాలు వాడే చోట గ్రానైట్ సుమారు 30 భాగాలు పడుతుంది, ఎందుకంటే ఇందులో కరిగించే సరుకు తక్కువ. అందులో క్వార్ట్జ్ ఎటూ ఉంది కాబట్టి మీ ఫార్ములాలోని సిలికాని ఆ మేరకు తగ్గించాలి. రాయి పెరిగేకొద్దీ మట్టిలో జిగురు తగ్గుతుందని మాత్రం మరవొద్దు. బంకమట్టి సగానికంటే తగ్గితే సారె మీద గోడ నిలబడటం కష్టమవుతుంది.

ముతకగా, రవ్వలా కలిపితే వచ్చేది వేరే అందం. జపాన్‌లోని షిగరాకి మట్టిలో సహజంగానే ఫెల్డ్‌స్పార్ గింజలు ఉంటాయి. కట్టెలతో కాల్చినప్పుడు అవి కుండ చర్మం మీదికి తెల్లటి ముత్యాల్లా పొడుచుకొస్తాయి. గ్రానైట్ రవ్వతో దానికి దగ్గరగా వెళ్లొచ్చు, కాకపోతే కూడా వచ్చే మైకా నల్లటి చుక్కలుగా కరుగుతుంది. అవి నచ్చేవాళ్లు ఉన్నారు, నచ్చనివాళ్లూ ఉన్నారు. అంచు గరుకుగా ఉంటుంది కాబట్టి నోటికి తగిలే పాత్రలకి మాత్రం నేను వాడను.

## బసాల్ట్

బసాల్ట్ గ్రానైట్‌కి పూర్తిగా ఎదురు స్వభావం. సిలికా 50 శాతం దగ్గరే ఆగిపోతుంది. సున్నం 10 శాతం చుట్టూ, మెగ్నీషియా 7 శాతం చుట్టూ, ఇనుము 10 శాతం పైన. కరిగించే సరుకు దండిగా ఉంది, కరగాల్సిన సిలికా తక్కువ. అందుకే ఇది త్వరగా కరుగుతుంది, ఎక్కువ వేడిలో పారిపోతుంది.

నా మొదటి బసాల్ట్ టెస్ట్ ఇప్పటికీ కిటికీలో ఉంది. పొడిని నీళ్లలో కలిపి, నిలువుగా నిలబెట్టిన చిన్న పలక మీద రెండు పూతలు వేసి కోన్ 10కి కాల్చాను. పైన సగం గోధుమ రంగులో పలచబడింది, కింద సగం నల్లగా, నూనె పోసినట్టు మెరుస్తోంది. అంచు దగ్గర గోరంత మందాన చుక్క వేలాడుతూ గట్టిపడింది. ఆ చుక్క కింద మట్టి పళ్లెం పెట్టి ఉండకపోతే షెల్ఫ్‌కి అతుక్కునేది. ఒకే రాయి, ఇంకేమీ కలపలేదు, అయినా పై నుంచి కిందికి రెండు రంగులు. ఆ రోజు నుంచి బసాల్ట్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

కోన్ 10 వాళ్లకి నా సలహా: బసాల్ట్ ఒక్కటే వాడొద్దు, గ్రానైట్‌తో సగం సగం కలపండి. ఒకదానిలో లేనిది ఇంకోదానిలో ఉంది. బసాల్ట్ సున్నం, మెగ్నీషియా, ఇనుము తెస్తుంది, గ్రానైట్ సిలికా, పొటాష్, సోడా తెస్తుంది. రెండూ కలిస్తే ఇనుము 6, 7 శాతానికి దిగుతుంది. నల్లటి గ్లేజ్‌లో, అంచుల దగ్గర తుప్పు రంగు తేలే టెమ్మొకు తరహాకి అది సరైన చోటు. గట్టిగా అనిపిస్తే 5 నుంచి 10 శాతం సున్నపురాయి చేర్చండి.

కోన్ 6 ఎలక్ట్రిక్ కిల్న్ ఉన్నవాళ్లు క్వారీ రాయి వాడాలనుకుంటే బసాల్టే మొదటి ఎంపిక. 70 నుంచి 80 భాగాల బసాల్ట్‌కి 20 నుంచి 30 భాగాల బోరాన్ ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) కలిపితే నిండుగా కరుగుతుంది. ఫ్రిట్ కొన్నదే అయినా బకెట్‌లో ఎక్కువ భాగం రాయే.

మట్టిలో బసాల్ట్ అంటే నాకు భయమే. ఎక్కువ వేడిలో ఇనుము రూపం మారుతూ ఆక్సిజన్ వదులుతుంది. అప్పటికే మట్టి బిగుసుకుపోయి ఉంటే ఆ గాలి బయటికి రాలేక బొబ్బలు లేపుతుంది. పలుకుగా వేస్తే ఒక్కో గింజా కరిగి కుండ గోడలో నల్లటి గుంట చేస్తుంది. 5 శాతంతో మొదలుపెట్టండి, 10 దాటే ముందు చిన్న పలకలు కాల్చి చూడండి. తక్కువ వేడిలో కాల్చే ఎర్రమట్టిలో మాత్రం ఇబ్బంది లేదు. 1050 దగ్గర బసాల్ట్ పలుకు కరగదు, మట్టి ఎండేటప్పుడు పగుళ్లు తగ్గిస్తుంది. క్వార్ట్జ్ ఇసుక 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. బసాల్ట్‌లో విడిగా క్వార్ట్జ్ దాదాపు ఉండదు కాబట్టి ఆ కుదుపు ఉండదు.

## సున్నపురాయి

గ్లేజ్‌లో ఎంత మంచిదో, మట్టిలో అంత ప్రమాదం.

ఒకసారి నేను తెచ్చిన మట్టిలో నాకు తెలియకుండా సున్నపురాయి పలుకు ఉంది. దానితో చేసిన గిన్నె కిల్న్ నుంచి తీసినప్పుడు ఏ లోపమూ లేదు, తడితే గంటలా మోగింది. రెండో వారంలో ఒక పొద్దున అల్మారాలోంచి టిక్‌మని చప్పుడు. చూస్తే గిన్నె అంచు కింద గోరంత పెచ్చు ఊడి పడి ఉంది. ఆ గుంట అడుగున ఆవగింజంత తెల్లటి చుక్క. గోటితో తాకితే పిండిలా రాలింది. కిల్న్‌లో 850, 900 డిగ్రీల దగ్గర సున్నపురాయి కార్బన్ డయాక్సైడ్ వదిలి పొడిసున్నం అవుతుంది. ఆ తర్వాత గాలిలోని తేమ తాగి ఉబ్బుతుంది, ఉబ్బి పెచ్చు ఎగరగొడుతుంది. ఆ వారం ఇంకో నాలుగు పాత్రలు అలాగే పోయాయి.

కాబట్టి పలుకుగా ఎప్పుడూ వద్దు. మీ మట్టిలో ఇది ఉందేమో చూడటం తేలిక. ఎండిన మట్టి ముక్క మీద, జల్లెడలో మిగిలిన గింజల మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుడగలు వస్తే సున్నపురాయి ఉన్నట్టే. సన్నటి జల్లెడ పడితే చాలావరకు పోతుంది. ఇటుకలు చేసేవాళ్లు కాల్చిన వెంటనే సరుకుని నీళ్లలో ముంచే పద్ధతి కూడా ఉంది. ఒక్కసారిగా నీరు తగిలితే సున్నం మెత్తటి ముద్దగా మారి, గోడ పగలగొట్టేంత ఒత్తిడి తేదు.

గ్లేజ్‌లోకి వస్తే ఇదే రాయి ప్రాణం. మెత్తగా నూరడం తేలిక, శుభ్రమైనదైతే రంగు మార్చదు, ఎక్కువ వేడిలో గ్లేజ్‌ని గట్టిగా, మన్నికగా చేస్తుంది. కాలినప్పుడు 44 శాతం బరువు గ్యాస్‌గా పోతుందని లెక్కలో గుర్తుంచుకోవాలి. తక్కువ వేడిలో మాత్రం దీనివల్ల లాభం లేదు, 1100 డిగ్రీల కింద అది సరిగ్గా పని మొదలుపెట్టదు.

డోలమైట్ సున్నపురాయికి దగ్గరి చుట్టం, అందులో మెగ్నీషియా కూడా ఉంటుంది. వెనిగర్ వేస్తే రాయిగా ఉన్నప్పుడు పెద్దగా పొంగదు, పొడి చేసి వేస్తే పొంగుతుంది. గ్లేజ్‌కి వెన్నలాంటి మ్యాట్ కావాలనుకునేవాళ్లు గ్రానైట్ గ్లేజ్‌లో సున్నపురాయిలో సగం తీసి డోలమైట్ పెట్టి చూడండి.

## పలుగురాయి, ఇసుకరాయి, షేల్

పలుగురాయి అంటే దాదాపు సిలికానే. దీన్ని చేత్తో నూరమని నేనెవరికీ చెప్పను. గట్టిదనంలో ఫెల్డ్‌స్పార్ కంటే ఒక మెట్టు పైన ఉంటుంది, ప్రమాదకరమైన దుమ్ము కూడా అన్నిటికంటే ఎక్కువ దీనిలోనే. సిలికా పొడి బజారులో తేలిగ్గా దొరికే సరుకు, ఇది ఒక్కటి కొనుక్కోండి. మెత్తగా విడిపోయే ఇసుకరాయి అయితే సరే. మట్టిలో పలుకుగా 10 శాతం దాకా పనికొస్తుంది, చల్లార్చేటప్పుడు 573 డిగ్రీల చుట్టూ తొందరపడకపోతే.

షేల్ అంటే బంకమట్టి గట్టిపడి రాయి అయినదే, కాబట్టి తిరిగి మట్టి కావడానికి పెద్దగా మొరాయించదు. పగలగొట్టి వారం పది రోజులు నీళ్లలో నానబెడితే చాలా రకాలు పొరలు పొరలుగా విడిపోతాయి. ఇనుము, పొటాష్ రెండూ ఉండటం వల్ల ఎక్కువ వేడిలో కొన్ని షేళ్లు తమంతట తామే గోధుమ రంగు గ్లేజ్ అవుతాయి. నల్లటి షేల్‌లో కార్బన్, గంధకం ఉండొచ్చు. అలాంటిదైతే 700 నుంచి 900 డిగ్రీల మధ్య నెమ్మదిగా, గాలి బాగా ఆడనిచ్చి కాల్చాలి, లేకపోతే లోపల నల్లగా మిగిలి ఉబ్బుతుంది. పలకరాయి ఇంకా గట్టిపడిన రూపం, నానబెడితే విడిపోదు, నూరాలి.

## రాయి ఏ రూపంలో తెచ్చుకోవాలి

ఏ రాయి అన్నదానికి పెట్టిన ఆలోచనలో సగం కూడా చాలామంది దీనికి పెట్టరు. నా లెక్కలో ఇది అంతే ముఖ్యం.

గట్టి రాయి ముక్కలు తెస్తే ఏం తెచ్చారో మీకు కచ్చితంగా తెలుస్తుంది, కానీ శ్రమ ఎక్కువ. ముక్కల్ని మూత ఉన్న మట్టి పాత్రలో పెట్టి బిస్క్ కాల్పుతో (గ్లేజ్ వేయకముందు చేసే మొదటి కాల్పు) పాటు 900 దాకా నెమ్మదిగా కాలిస్తే, చల్లారాక సమ్మెట దెబ్బకి తేలిగ్గా విరుగుతాయి. క్వార్ట్జ్ గింజలు ఉబ్బి లోపల పగుళ్లు తెస్తాయి కాబట్టి గ్రానైట్‌కి ఇది బాగా పనిచేస్తుంది. సున్నపురాయికి, డోలమైట్‌కి ఈ పని చేయొద్దు. పొడిసున్నంగా మారి, తర్వాత నీళ్లు తగిలితే సలసల కాగి చర్మాన్ని కాలుస్తుంది.

క్రషర్ డస్ట్ తేలిగ్గా దొరుకుతుంది, చవక. ఇందులో ఒక మోసం ఉంది. డస్ట్‌ని జల్లెడ పట్టి మెత్తటిది మాత్రమే వాడితే అది ఆ రాయి సగటు కాదు. మైకా, మట్టి, మెత్తటి ఖనిజాలు సన్నటి పొడిలోకి ఎక్కువగా చేరతాయి, క్వార్ట్జ్ పైన మిగిలిపోతుంది. మీరు ఒకసారి జల్లెడ పట్టి, ఇంకోసారి మొత్తం నూరి వాడితే రెండు వేర్వేరు గ్లేజ్‌లు వస్తాయి. ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

రాయి కోసే మిల్లుల్లో మిగిలే బురద పిండిలా మెత్తగా ఉంటుంది, నూరే పనే లేదు. కొత్తవాళ్లకి నేను ముందు దీన్నే వెతకమంటాను. అడగాల్సిన ప్రశ్నలు రెండు. డైమండ్ బ్లేడుతో కోసిందా, ఇనుప గుళ్లూ సున్నమూ పోసి కోసిందా? ఇనుప గుళ్లదైతే గ్లేజ్ ముదురు గోధుమకి తిరుగుతుంది. ఒకే రకం రాయి కోసినప్పటిదా, నాలుగు రకాలదీ కలిసిన గుంట లోనిదా? కలిసినదైతే ఆ బకెట్ అయిపోయాక ఆ గ్లేజ్ మళ్లీ రాదు.

పైపొరల్లో ఎండకీ వానకీ మెత్తబడి చేతితో నలిపితే రాలే రాయి దొరికితే అదృష్టమే. కానీ మెత్తబడేటప్పుడు పొటాష్, సోడా కొంత కడిగిపోయి ఉంటాయి, కాబట్టి అదే క్వారీ లోపలి రాయి కంటే గ్లేజ్‌లో మొండిగా ఉంటుంది. మట్టిలో కలపడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఏ రూపమైనా అనుమతి అడిగే తీసుకోండి. తవ్విన గోడ కింద నిలబడి రాళ్లు ఏరొద్దు, బయట పోసిన గుట్ట నుంచే తీసుకోండి.

## ఎవరికి ఏది

ఎర్రమట్టి, తక్కువ వేడి. గ్లేజ్‌లో రాయి గురించి ఆశ వదులుకోండి. మహా అయితే ఫ్రిట్ గ్లేజ్‌లో 10 శాతం బసాల్ట్ రంగు కోసం వేసుకోవచ్చు. మీకు రాయి మట్టిలోనే ఉపయోగం, అదీ బసాల్ట్ పలుకు. మిగతావాళ్లకి చెప్పిన "ముందు గ్లేజ్" మాట మీకు వర్తించదు.

కోన్ 6 ఎలక్ట్రిక్ కిల్న్. బసాల్ట్ బురద లేదా మెత్తటి పొడి, దానితో ఫ్రిట్. గ్రానైట్ మీద మోజు ఉంటే మట్టిలో ఫెల్డ్‌స్పార్ బదులు కొద్దిగా వాడండి. గ్లేజ్‌లో దాన్ని కరిగించడానికి అంత ఫ్రిట్ పోయాల్సి వచ్చినప్పుడు రాయి వాడిన ఫలితం పెద్దగా మిగలదు.

కోన్ 10 గ్యాస్ లేదా కట్టెల కిల్న్. గ్రానైట్, బసాల్ట్, సున్నపురాయి మూడూ తెచ్చుకోండి. గ్రానైట్, బసాల్ట్ మిశ్రమాన్ని 100:0 నుంచి 0:100 దాకా పది పది తగ్గిస్తూ పదకొండు పలకలు చేయండి, ప్రతి దానిలో సున్నపురాయి 10 శాతం అదనం. ఆ పదకొండింటిలో మీకు కావాల్సినవి రెండు మూడైనా ఉంటాయి. ప్రతి పలక కింద పళ్లెం పెట్టడం మరవొద్దు. 1886లో జర్మనీలో హెర్మన్ సీగర్ తయారుచేసిన కోన్‌ల ఆలోచననే మన రాయికీ వాడుకోవచ్చు. పొడిని కొద్ది బెంటొనైట్‌తో ముద్ద చేసి వేలంత కోన్ చేయండి, కొన్న కోన్ పక్కన నిలబెట్టి కాల్చండి. అది వంగిందా, కూలిందా, కదల్లేదా అన్నది చూస్తే ఆ రాయి స్వభావం తెలిసిపోతుంది.

తినే, తాగే పాత్రలు చేసేవాళ్లు మూలం తెలిసిన గ్రానైట్, బసాల్ట్, సున్నపురాయి దాటి వెళ్లొద్దు. కాల్చిన పాత్ర సగం దాకా వెనిగర్ పోసి ఒక రోజు ఉంచండి. మునిగిన చోట రంగు మారినా, మెరుపు తగ్గినా ఆ గ్లేజ్ లోపలి వైపుకి పనికిరాదు. ఈ పరీక్ష సీసం లాంటి విషాల్ని పట్టుకోదు, దానికి ల్యాబ్‌లో, గ్లేజ్ నుంచి విషాలు ఊరుతున్నాయేమో చూసే లీచింగ్ టెస్ట్ చేయించాలి. గ్లేజ్ పూర్తిగా కరిగిందనిపించనంత కాలం బయటి వైపే వాడండి, లోపల నమ్మకమైన పాత గ్లేజ్ వేయండి.

అమ్మకానికి ఒకే రంగు వందసార్లు రావాల్సినవాళ్లకి క్వారీ రాయి టెన్షన్ పెడుతుంది. గని ముఖం కొన్ని మీటర్లు జరిగితే రాయి మారుతుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి తెచ్చి, మొత్తం కుప్ప పోసి, తడిపి, తిరగేసి, బాగా కలిపాక బకెట్లలో నింపండి. ప్రతి బకెట్ మీద క్వారీ, తేదీ, జల్లెడ మెష్ చెరగని ఇంకుతో రాయండి. పాత బకెట్లలో చివరిది తెరిచిన రోజే కొత్త రాయి తెచ్చి, పాతది, కొత్తది, రెండూ సగం సగం కలిపినది, మూడు పలకలు ఒకే షెల్ఫ్ మీద కాల్చండి. తేడా కనిపిస్తే పాతది ఇంకా చేతిలో ఉండగానే సున్నపురాయి పాళ్లు సరిచేసుకునే వీలుంటుంది.